అడుగు కాయ

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
పంతొమ్మిదేళ్లుగా పద్దులు రాస్తున్నా.
బస్తా మూతి విప్పగానే నవ్వే కాయని
నమ్మకూడదని తెలిసినోణ్ణి.
మోచేతి దాకా చెయ్యి దూర్చి
అడుగు కాయ తీసి చూస్తే గానీ
ధర పలకనియ్యను.

అట్టాంటి నాకు
ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది.
"పదకొండు వేల కవితల్లో మీది తేలింది సార్,
జాతీయ స్థాయి. కవిరత్న."
సార్ అన్నాడు.
మా షావుకారు ఒరే పెంచలా అంటాడు.

శాలువాకి ఇంత, షీల్డుకి ఇంత,
సంకలనం ఐదు కాపీలు కొనక తప్పదు,
వెరసి నాలుగు వేల ఆరొందలు.
ఆ రోజు చెయ్యి దూర్చలేదు.
మూతి దగ్గరి కాయే చూశాను.
దాని మీద నా పేరుంది.

పుస్తకమొచ్చింది.
పేజీకి నలుగురం, చీమ తలకాయంత అక్షరాల్లో,
రాపూరు బస్సులో ఇరుక్కున్నట్టు.
పెంచలయ్యని కాస్తా పంచాలయ్యనయ్యాను.
షీల్డు మాత్రం పనికొచ్చింది,
ఫ్యాను గాలికి బిల్లులు ఎగరకుండా.

మరుసటేడు మళ్లీ పోటీ.
ఈసారి ఆ పూట చీటీ ఉన్నదున్నట్టు పంపాను
మా అత్త ఆదెమ్మ పేరు పెట్టి:
పండుకాయ ఇరవై లూజులు
పచ్చికాయ ముప్పై మూడు
గోళీకాయ ఎవురూ అడగలా
ఢిల్లీ లోడు పోయింది, వాన.

గంటలోపే జవాబు.
మీ కవిత మా గుండెల్ని తడిపింది.
కవిరత్న. నాలుగు వేల ఆరొందలు.

నవ్వీ నవ్వీ మధ్యలో ఆగిపోయాను.
నా కవితక్కూడా ఇదే మాట,
అచ్చం ఇదే తడి.
డబ్బుదేముంది, రెండు నెలల పాలచీటీ.
దాన్ని ఇంతదాకా
ఒక్కరు కూడా చదవలేదు. అదీ.

సాయంత్రం కాయలేరే మస్తానమ్మకి
గోతం మీద కూర్చుని చదివి వినిపించాను.
ఆమెకి చదువు రాదు. చేతులాపలేదు.
మెత్తకాయ అటు, గట్టికాయ ఇటు.
నిమ్మముల్లు పువ్వులా తాకిందన్న చోట
తలెత్తింది.

"ముల్లు అట్ట తాకదు అబ్బయ్యా.
గుచ్చుకున్నప్పుడు తెలీనే తెలీదు.
రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు తెలస్తది,
పులుసు తగిలి."

ఫీజు అడగలేదు.
వక్కాకుంటే ఇమ్మంది, లేదన్నాను.

ఆ పాదం కొట్టేసి
పద్దు పుస్తకం వెనక పేజీలో
మళ్లీ రాస్తున్నా.
ఇంకా కుదర్లేదు.