ఇల్లు కదిలిన రోజు

మేం ఇల్లు మారలేదు,
ఇల్లే మారింది.
నాన్న పొలం కొన్నది అవతలి దీవిలో,
మా చెక్క ఇల్లేమో ఈ ఒడ్డున.
చిలోయేలో అలాంటప్పుడు ఎవరూ తల పట్టుకోరు,
ఊరిని పిలుస్తారు.

ఆరు జతల ఎడ్లొచ్చాయి.
ఇంటి కింద దుంగలు దూర్చారు,
దుంగలకి పంది కొవ్వు పూశారు.
ఆడవాళ్ళు బయట పొయ్యి పెట్టి
బంగాళాదుంపలు తురుముతూ కూర్చున్నారు.
వాన పడుతూనే ఉంది.
మా దగ్గర వానని ఎవరూ లెక్కపెట్టరు,
అదీ ఇంట్లో మనిషే.

నాకు పదమూడు, అక్క నోల్ఫాకి పదిహేడు.
ఇద్దరికీ ఒకటే మంచం, ఒకటే ఉన్ని దుప్పటి,
ఒకటే దువ్వెన, మూడు పళ్ళు విరిగింది నా మూలానే.
అద్దం మాత్రం
ఆ ఏడాదే అక్కదైపోయింది.
నేను వెళ్తే పక్కకి జరిగేది కాదు.

ముందు జతని తోలింది బాల్దోవినో.
అరవడు, ముల్లుకర్రతో పొడవడు,
ఎద్దు చెవిలో ఏదో చెప్పేవాడు,
ఎద్దు కదిలేది, ఎద్దు వెనక ఇల్లు కదిలేది.
నేను ముందు ఆ గొంతు విన్నాను.
అక్క ముందు ముఖం చూసింది.
ఎవరిది ముందో, ఎవరిది వెనకో
ఇప్పటికీ తేల్చుకోలేను.

సాయంత్రానికి ఇల్లు ఇసుక మీదికొచ్చి ఆగింది.
తెల్లారి పోటు నీళ్ళొస్తేనే పడవలు లాగేది.
ఆ రాత్రి ఏ ఊరికీ చెందని ఇంట్లో పడుకున్నాం.
స్టవ్ ఆర్పేశారు. ఎముకలు కొరికే చలి.
అక్క శాలువా కప్పుకుని
నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూద్దామని
కిటికీ తెరిచాను.

చీకట్లోంచి ఒక చెయ్యి.
నా చెయ్యి పట్టుకుంది.
తాడు కోసిన గరుకు, సముద్రపు పాచి వాసన,
ఎంత వెచ్చగా ఉందో.
"నోల్ఫా" అన్నాడు.

కాదని అనొచ్చు.
రెండక్షరాలే కదా, కాదు.
నేను కిమ్మనలేదు.
"రేపు నీ కిటికీ పక్కనే నా పడవ" అన్నాడు.
తలూపాను.
చీకట్లో శాలువా ఊగింది, అంతే.

పొద్దున్నే ఇల్లు తేలింది.
పొగగొట్టం, మెట్లు, గుమ్మానికి వేలాడే
ఎండు ఆల్చిప్పల దండలతో సహా తేలింది.
తలుపు కింద నుంచి నీళ్ళొచ్చి
నాన్న చెప్పు ఒకటి వంటగది చుట్టూ తిరిగింది.
కిటికీలో అక్క నిలబడింది.
పడవలోంచి అతను చెయ్యూపాడు.
అక్కా ఊపింది.
నేను ఆ కిటికీ కిందే, గోడకి ఆనుకుని,
ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను,
ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన కోడిపిల్లలా.

గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి
అతను పటగోనియా వెళ్ళాడు.
రెండుత్తరాలు. తర్వాత ఒకటి.
తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు.
అక్క ఏడవలేదు.
కోళ్ళగూటి వెనక ఏడ్చింది నేను.
ఎందుకే అని అమ్మ అడిగితే
పంటి నొప్పన్నాను.
పాపం, లవంగం పెట్టింది.

నలభై ఏళ్ళు గడిచాయి.
మొన్న అక్క వంటింట్లో దుంపలు చెక్కుతూ,
తల ఎత్తకుండానే,
"ఆ రాత్రి నేను నిద్రపోలేదు" అంది.

నా కత్తి ఆగింది.

"కిటికీ మూసొచ్చి దుప్పట్లో దూరావు.
వెధవ అలవాటు, ఎప్పట్లాగే
నీ చేతులు రెండూ నా వీపుకి ఆనించావు.
ఒకటి మంచుముక్క.
ఒకటి వెచ్చగా ఉంది."

మరి ఎందుకు ఊపావు, అక్కా, పొద్దున్న?
అడగలేదు. గొంతు దాకా వచ్చింది.
బయట వాన, లోపల స్టవ్ మీద కెటిల్.
అక్క అప్పుడు చూసింది నా వంక,
అద్దం ముందు నుంచి
మొదటిసారి పక్కకి జరిగినట్టు.

"ఏ చెయ్యే అది?"

ఎడమ చెయ్యి చాపాను.
కాసేపు చూసి
అందులో ఒక దుంప పెట్టింది.
"తురుము" అంది.