పొంగు గొట్టం

పోయినసారి బిరడా ఎగిరి పైకప్పును కొట్టింది.
అర్ధరాత్రి, తుపాకీ అనుకుని లేచాను.
ఆ గోధుమరంగు మరక ఇంకా అక్కడే,
రంగు వేస్తానన్న సిగ్‌బ్యోర్న్ మాటా అక్కడే.

ఈసారి బొటనవేలు దూరేంత గొట్టం తెచ్చాడు.
సన్నదానికి హాప్ రేకు ఒక్కటి అడ్డుపడినా
సీసా బాంబేనట.
ఒక కొస బిరడాలో బిగించాడు,
రెండో కొస నా హెర్రింగ్ చేపల జాడీలో.
వద్దనేలోపే నీళ్ళు పోశాడు.
"కొస మునిగే ఉండాలి రాగ్న్‌ఫ్రిడ్,
లోపలి గాలి పోవాలి, బయటిది రాకూడదు."

వాళ్ళ నాన్న చెక్క కడియం మీద ఎండబెట్టిన ఈస్ట్,
పన్నెండేళ్ళు ఫ్రీజర్‌లో పడుకున్నది,
కంబళి కప్పేసరికి
నాలుగు గంటల్లో లేచి కూర్చుంది.
నురగ గొట్టం వెంట పాకి
జాడీలో దిగింది.
బుడుగ్.
కాసేపటికి, బుడుగ్ బుడుగ్.

బయట వోస్ కొండల మీద వాన.
నేలమాళిగలో కుర్చీ వేసుకుని కాపలా ఉన్నాడు.
తండ్రి బతికున్నన్నాళ్ళూ
రెండు ముక్కలకు మించి మాట్లాడని మనిషి
జాడీ మీదికి వంగి
ఏదో చెబుతున్నాడు, ఆగుతున్నాడు,
మళ్ళీ చెబుతున్నాడు.

కాఫీ పట్టుకుని సగం మెట్లు దిగినదాన్ని
చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

జాడీ ఎవరు కడుగుతారో
తెల్లారాక అడుగుతాను.