మోచెయ్యి

వూచ్ అంటే మా భాషలో పడవ.
ఊళ్లో నది లేదు.
ఉన్న నాలుగు వాగుల్నీ మిల్లులు తాగేసి
రంగునీళ్లు కక్కాయి.
ఆ పడవలో, ఎర్ర ఇటుక పొగగొట్టాల కింద
పుట్టింది ఒతిలియా వ్జోసెక్.

వాళ్లమ్మ గెనోవెఫా తొమ్మిదో నంబరు మిల్లులో
తెగిన పోగులు అతికేది.
కుడిచేతి చివరి రెండు వేళ్లనూ
దూది ఏకే యంత్రం తీసుకుంది, యాభై రెండులో.
మిగిలిన మూడింటితో
ఇంకో ఇరవై ఏళ్లు అతికింది.
మేస్త్రీ ఆ సంగతి కనిపెట్టడానికి ఏడాది పట్టిందట.

నేను లేతు మిషన్ మనిషిని.
పాలిటెక్నిక్ నేలమాళిగలో, ఆవిరి గొట్టాల పక్కన
ఒతిలియా గీసిచ్చిన బొమ్మల్ని ఇత్తడిలో కోసేవాణ్ణి.
అరవై ఏడు, చలికాలం.
మా మొదటి చేతికి పట్టు తెలియదు.
బల్బు ఇస్తే జారవిడిచేది, గుడ్డు ఇస్తే పిండేది.
గుడ్లు పారేసే రోజులా అవి?
గిన్నెలోకి ఎత్తి, ఉల్లిపాయతో వేయించుకు తినేవాళ్లం.
వాసన పట్టి పై అంతస్తు వాళ్లు దిగేవారు:
"ఇవాళ కూడా ప్రయోగం విఫలమైందా?"

ఒక రాత్రి చెవిటి మిషన్ ఒకటి విప్పి
అందులోని మైకును వేలికొనలో దాచింది.
పైన సైకిల్ ట్యూబు తొడిగింది.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది.
పోగు జారబోయే ముందు ఒక గరగర ఉంటుంది,
ఎలుక కాగితం కొరికినంత.
అది విని వేలు బిగుసుకోవాలి, అంతే.
"చూపు అక్కర్లేదు జెనోన్,
మిల్లు హోరులో అమ్మ దీన్నే వినేది."
ఆ 'అంతే'కి పదకొండేళ్లు పట్టింది.

విదేశీ సభల్లో అడిగేవారు:
మూడు వేళ్లే ఎందుకు? ఏ సిద్ధాంతం?
"బడ్జెట్" అనేది.
నవ్వి, రాసుకునేవారు.

డెబ్బై ఎనిమిదిలో అమ్మను తీసుకొచ్చింది.
ఆవిడ తలగుడ్డ విప్పలేదు,
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
చెయ్యి పోగందుకుంది, చుట్టింది, తప్పింది, మళ్లీ చుట్టింది.
ముడి పడేసరికి నలభై ఒక్క సెకన్లు.
మేం చప్పట్లు కొట్టాం.
"మేస్త్రీ అయితే దీన్ని సోమవారానికల్లా పంపేసేవాడు"
అంది గెనోవెఫా.
తర్వాత దగ్గరికెళ్లి,
కొత్తగా పనిలో చేరిన పిల్ల మణికట్టు పట్టుకున్నట్టు
ఆ ఇనుమును పట్టుకుని కిందికి నొక్కింది.
"మోచెయ్యి దించు.
ఎత్తి పెడితే భుజం అలుస్తుంది, వేళ్లు వణుకుతాయి."

ఇనుముకు భుజం అలవడమేమిటని నేను నవ్వబోయాను.
ఒతిలియా పెన్సిల్ తీసింది.
రాత్రంతా నాలుగు బోల్టులకు చోటు మార్చాం.
తెల్లారేసరికి పందొమ్మిది సెకన్లు.

ఎనభై ఒకటి డిసెంబరులో సైనికులు వచ్చారు.
"ఇదేం చేస్తుంది?"
"ముడి వేస్తుంది."
"ఎవరికి?"
ఆ కుర్రాడు నిజంగానే అడిగాడు.
వాడి కోటుకు వేలాడుతున్న గుండీని చూసి
"కూర్చో" అంది.
గుండీ మాత్రం తన చేత్తోనే కుట్టింది.

ఆ వేలికొన చెవి తర్వాత
ఎక్కడెక్కడి కర్మాగారాల్లోనో వందల చేతులకు మొలిచింది.
మా ఊరి మిల్లులు కొనలేదు.
అప్పటికే ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి.
గెనోవెఫాను పూడ్చిన రోజు
పాత పనివాళ్లు అడిగారు,
"మా కూడు తీసింది మీ చెయ్యేనా?"
కాదు, కాదు, అన్నాను నేను.
"తీసేదే" అంది ఒతిలియా,
"ఇంకొంచెం వేగం వచ్చుంటే."
వాళ్లు జరిగి, ఆమెకు బల్ల మీద చోటిచ్చారు.

తొమ్మిదో నంబరు మిల్లు ఇప్పుడు మ్యూజియం.
అద్దాల పెట్టెలో చెయ్యి, వేళ్ల మధ్య నైలాన్ దారం.
నూలైతే పురుగు పడుతుందట.
పలక మీద ఆమె పుట్టిన ఏడాది సరిగానే ఉంది,
పోయిన ఏడాదీ సరిగానే ఉంది.
మోచెయ్యి ఎత్తి పెట్టారు,
చూడ్డానికి హుందాగా ఉంటుందని కాబోలు.
రెండు ఉత్తరాలు రాశాను.
మూడోది రాస్తున్నాను.