వరకు

కార్డు మీద నాలుగు గళ్ళు:
స్థలం, ఏలుబడి, నుంచి, వరకు.
ట్రియెస్తె రేవు ఎదుట
ఓడల బీమా కంపెనీ మూడో అంతస్తులో
ముప్పై ఒక్క సొరుగులు, అన్నిటికీ నేనే దిక్కు.
ఓడ మునిగిన రోజున ఆ రేవు ఎవరిదో
చెప్పగలిగితేనే పరిహారం.
యుద్ధాలు ఎందుకొచ్చాయో నాకు అక్కర్లేదు,
తేదీలు చాలు.

నాకంటే ముందు ఈ కుర్చీలో బ్రుమాత్తి గారు.
ఊదా సిరా. సామ్రాజ్యాలంటే మర్యాద,
బిరుదులతో సహా పూర్తి పేరు రాసేవాడు.
రక్షిత రాజ్యం, ఆశ్రిత రాజ్యం, ఆదేశిత ప్రాంతం,
తొంభై తొమ్మిదేళ్ళ కౌలు.
మాటలు మారేవి గానీ
సుంకం వసూలు చేసే బల్ల అదే మూల,
అదే కుంటి కాలు.

చేరిన రోజున ఆయన ఒకటే చెప్పాడు:
“వరకు గడి ఖాళీగా ఉందంటే
అది ఇంకా బతికుందని లెక్క, నివేస్.
పెన్సిలు చెక్కి పెట్టుకో.”

మా ఊరి కార్డు నేను తీయను. నోటికొచ్చు.
పుట్టింది ఒకరి కింద,
అక్షరాలు దిద్దింది ఇంకొకరి బూట్ల చప్పుడులో,
ఆపై నలభై రోజులు ఎర్ర నక్షత్రం,
ఆపై తొమ్మిదేళ్ళు జీపులు, తెల్ల రొట్టె, చూయింగ్ గమ్.
అప్పుడు మా పేరు జోన్ ఏ.
ఊరి పేరా అది? మందు సీసా మీద చీటీ.
కొండ మీంచి పాలు తెచ్చే జోఫ్కాని
కాగితాలు చూపించమంటే
క్యాను మూత తీసి చూపించేది,
“ఇదిగో, ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.”
బోరా గాలి విసిరిన రోజున
వీధుల వెంట మోకులు కట్టేవారు, పట్టుకు నడవడానికి.
జెండా ఎవరిదైనా మోకులు అవే,
అరచేయి గీరుకుపోయేది.

ఆ శీతాకాలం పెర్త్ నుంచి ఉత్తరం.
స్తమాతియా పలాసిస్ అనే ఆవిడ:
“మా నాన్న కస్తెల్లోరిజో దీవిలో పుట్టాడు,
పందొమ్మిది వందల పదిహేను, నవంబరు పదిహేడు.
పింఛను ఫారంలో పుట్టిన దేశం అడుగుతున్నారు.
టర్కీ అని రాస్తే ముద్ద ముట్టడు.
ఇటలీ అంటే నవ్వుతాడు.
ఆయన పాత ఓడ టికెట్టు మీద మీ ముద్ర ఉంది.
మీకు తెలిసి ఉంటుంది.”

కింది వరస సొరుగు. కార్డు అరచేయంత,
దీవీ దాదాపు అంతే.
సుల్తాను మనుషుల్ని పదమూడులో తరిమారు.
గ్రీకు అధికారిని పదిహేను అక్టోబరులో సాగనంపారు.
ఫ్రెంచి ఓడ వచ్చింది డిసెంబరు ఆఖర్న.
మధ్యలో ఊదా సిరా లేదు.
పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం,
చెరపబోయి ఆగిన మరక.

అన్నేళ్ళూ అన్నీ తెలిసినట్టుండే మనిషి
ఇక్కడ ఆగిపోయాడు.

ఏలిక లేడని స్పాంజీల పడవలు ఆగి ఉండవు.
మంత్రసాని ఏ ఫర్మానా కోసమూ
చూసి ఉండదు.
వాననీటి తొట్టెలు నోరు తెరుచుకునే ఉంటాయి.
ఒక పిల్లాడు ఎవరి పౌరుడూ కాకుండానే
కడుపారా పాలు తాగి నిద్రపోయి ఉంటాడు.

మూడు రోజులు ఆ కార్డు
టైపురైటరు పక్కనే పడి ఉంది.
నాలుగో రోజు నేలమాళిగలోకి దిగి
వాతావరణపు పుస్తకాలు తిరగేశాను.
ఏదో తటస్థ దేశపు ఓడ
ఆ దారిన పోతూ రాసుకున్న రెండు ముక్కలు దొరికాయి.
అవే రాసి పంపాను:

అమ్మా, దేశం మా రికార్డుల్లో లేదు.
పదిహేడో తేదీ దక్షిణపు గాలి, చిన్న అలలు,
రాత్రికి జల్లు.
రేవు తెరిచే ఉంది.

జూన్‌లో జవాబొచ్చింది.
పింఛను మంజూరైందట.
ఎవరో గుమాస్తా విసిగిపోయి
“ఇతరములు” గడిలో టిక్కు పెట్టాడట.
నాన్న మాత్రం ఆ సంగతే పట్టించుకోకుండా
జల్లు గురించే అడుగుతున్నాడట,
తను పుట్టాక కురిసిందా,
ముందా అని.