లాభం, రెండు, మూడు

కాశీబుగ్గలో స్టూడియో మూసేసిన రోజు
లోకనాథం గారు జీతం బదులు నాకిచ్చింది
గడువు తీరిన ఫోటో కాగితం మూడు పెట్టెలు,
ఒక ఎర్ర బల్బు.
కెమెరాలు అప్పులవాళ్లు పట్టుకుపోయారు.

సరే, కన్ను నేనే చేసుకుందామనుకున్నాను.

పది కిలోల జీడిపప్పు డబ్బా,
మూత మీద పలాస అన్న మాట సగం చెరిగి ఉంది.
లోపల నలుపెయ్యడానికి రంగు కొనలేదు.
బాయిలర్ దగ్గర జీడితొక్కల పొగ మీద బోర్లించి పట్టుకుంటే
అమావాస్యని అరువిచ్చినట్టు
మసి పట్టింది, మెరుపు లేని మసి.
కూల్‌డ్రింక్ రేకుని రూపాయి బిళ్లంత కత్తిరించి
కూర్మమ్మని అడిగి తెచ్చిన పన్నెండో నంబరు సూదితో
గుచ్చకుండా, తిప్పుతూ, తిప్పుతూ,
వెనక గరుకు కాగితంతో రుద్ది
మళ్లీ తిప్పుతూ...
ఆవగింజలో పావు వంతు వెలుతురు.

మొదటిది నల్లగా వచ్చింది.
రెండోది ఇంకా నల్లగా.
మూతకీ డబ్బాకీ మధ్య ఎక్కడో దొంగదారి.
సైకిల్ ట్యూబు ముక్క బిగించాను.
మూడోదాంట్లో ఒక మరక,
మా ఆవిడ మేఘమంది, నేను రైల్వే గేటన్నాను.
నాలుగోదాంట్లో అది గేటే అయింది,
తలకిందులుగా, నేలలోంచి వేలాడుతూ.

ఎంతసేపు తెరవాలో చెప్పేవాళ్లు లేరు.
కూర్మమ్మ పప్పు కొలిచేటప్పుడు లెక్కపెట్టినట్టే
లాభం, రెండు, మూడు అనుకునేవాణ్ణి.
ఒకటి అనడం ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.
ఎండకి నూట ఇరవై. మబ్బుకి ఆరొందలు.
షెడ్డు లోపలికైతే లెక్క చాలదు,
పొద్దుటి సైరన్ నుంచి మధ్యాహ్నం సైరన్ దాకా.

అలాగే పెట్టానొకరోజు, కిటికీ గూట్లో.
నలభై మంది ఆడవాళ్లు,
కాలు తొక్కితే పిక్క రెండుగా విచ్చుకునే చప్పుడు,
ఆముదం రాసుకున్నా బొబ్బలెక్కే వేళ్లు.
రాత్రి కాగితం కడిగి, నలుపుని తెలుపు చేసి చూసుకుంటే
పీటలు. తట్టలు. గోడకి క్యాలెండరు.
మనిషన్నది లేదు.
కాదు, ఒక మూల ఉంది పైడమ్మ,
జ్వరమొచ్చి పూటంతా స్తంభానికి చేరబడి
కూలి కోయించుకున్న పైడమ్మ,
మెడ ఒంపుతో సహా.

కూర్మమ్మ ఫోటోని వెలుగులోకి పట్టి చూసింది.
"ఓలమ్మో, మావేటైపోనాం బావూ?
పని సేసినోలం కనపడవా,
కునికినోలే కనపడతారా?
ఇదేటి, మా మేస్త్రీ కన్నెట్టినావేటి డబ్బాకి!"

షెడ్డు షెడ్డంతా నవ్వింది.
నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాతి మంగళవారం
పిక్కలు ఆరబోసిన కళ్లంలో డబ్బా నిలబెట్టి
కదలకుండా పైన రాయి పెట్టాను.
వాళ్లలో వాళ్లు ఏం చెప్పుకున్నారో నాకు తెలీదు.
సూదిబెజ్జం మీది నల్ల టేపు తీశాను.
కూర్మమ్మ చేతిలో తట్ట అలాగే ఆగింది.
పక్కనామె. ఆ పక్కనామె.
"లాభం" అంది కూర్మమ్మ, పెదవి కదపకుండా.

ఇరవై దగ్గర మేస్త్రీ గొడుగు విసిరికొట్టాడు.
యాభై దగ్గర ఒక్కొక్కరి ముందుకీ వచ్చి అరిచాడు.
ఎనభై దగ్గర కళ్లం ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తాడు.
పైడమ్మ ముక్కు మీద ఈగ వాలింది,
ఎగిరింది, మళ్లీ అక్కడే వాలింది.
నూట పద్దెనిమిది. నూట పందొమ్మిది.

ఆ ఫోటో మా ఇంట్లో ఉంది, చెమ్మకి అంచులు ముడుచుకుని.
నలభై మందినీ లెక్కపెట్టుకోవచ్చు,
కుచ్చిళ్లు మాత్రం గాలికి కాస్త చెదిరాయి.
కళ్లం మధ్యలో ఒక గొడుగు,
ఎవరిదో తెలీనట్టు.

మేస్త్రీ కూడా వచ్చి అడిగాడొకసారి, చీకటి పడ్డాక.
"మరి నానేడి బావూ?"
దీపం దగ్గరికి పట్టుకెళ్లి చూశాడు.
తలకిందులు చేసి కూడా చూశాడు.