బండ మీద బల్ల

తాడిపత్రిలో బండల పాలీష్ ఫ్యాక్టరీ.
గేటు పక్క రేకుల రూములో
నేనూ, బిల్లు బుక్కులూ, ఒక పాత కంప్యూటరూ.
బల్లకు ఒక కాలు పొట్టి.
దాని కింద నాపరాయి ముక్క పెట్టినాం.
అయినా మిషన్ తిరిగినంత సేపూ
స్క్రీన్ మీది అక్షరాలు సన్నగా వణుకుతాంటాయి.

విండోస్ మోయలేక అది మూలుగుతాంటే
పాలిటెక్నిక్ చదివే కుళ్ళాయప్ప వచ్చి
పెన్‌డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించి పోయినాడు.
"ఇంక పడిపోదు మామా" అన్నాడు.
పడిపోతాది.
కాకపోతే ఆ పడడంలో ఒక మర్యాద ఉంది.

మొన్న సేలం లారీ లోడై నిలబడుకోనుంది.
డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపినాడు బిల్లు కోసం.
ఇరవై రెండో లైను కాడ
కింది పట్టీ మాయం,
గడియారం మాయం.
బాణం మాత్రం తిరుగుతాంది
తెగిపడిన బల్లి తోక మాదిరి.
ఎక్కడ నొక్కినా ఉలుకు లేదు, పలుకు లేదు.
షేక్షావలన్న నా ఈపెనక నిలబడి
"రూపాయి పెట్టకుండా తెచ్చింది ఇట్లే ఉంటాది" అన్నాడు.

గోడ మీద, బండలకు కొలత గీసే ఎర్ర చాక్‌తో
కుళ్ళాయప్ప రాసిపెట్టిన మూడు మీటలు:
కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ టూ.
నొక్కితే నల్లటి తెర,
అప్పుడే పాలీష్ పట్టి నీళ్ళు కొట్టిన
కడప నల్లబండ మాదిరి.
దాని మీద తెల్లగా ఒక గీత
ఆరుతా, వెలుగుతా.
ఆ గీతను చూస్తే నాకు ధైర్యం.
మిద్దె కూలినా కింద ఎవరో మేలుకోనే ఉన్నట్టు.

చాక్ రాతలో రెండో వరసా చూసి కొట్టి
ఎనక్కి వస్తే
పట్టీ వచ్చింది. గడియారం ఏడు నిమిషాలు జరిగింది.
బిల్లు
"నలభై ఎంఎం, రెండు వందల అడు" కాడ
ఆగిన చోటే ఆగి
నాకోసం చూస్తాంది.
"గులు" కొట్టి డ్రైవర్ చేతిలో పెట్టినా.

నిజంగా దెబ్బ కొట్టింది పడిపోయినప్పుడు కాదు,
బాగుచేస్తానని వచ్చినప్పుడు.
"కొత్త వెర్షన్ వచ్చింది" అని రోజూ అడుగుతాంటే
నాలుగు నెలలు తోసి తోసి
ఒక ఆదివారం సరే అన్నా.
సోమవారం కూలీల జాబితా తీస్తే
వత్తులన్నీ ఊడి పక్కన పడినాయి.
లక్ష్మక్క నాలుగు ముక్కలు.
ఓబులమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి
"నా పేరు అంచు పగిలింది నాయనా.
మా కాడైతే అతికించే మందుంది,
నీ కాడ ఏముంది?" అంది.
ఫాంటు మార్చి అతికించేసరికి పొద్దు గూకింది.

ఆ తర్వాత ఇన్వర్టర్ పుణ్యాన
ఈ పొద్దుకు ఇరవై మూడు దినాలు,
ఒక్క తూరీ ఆపింది లేదు, ఆగింది లేదు.
గొప్పగా చెప్పినా ఓబులమ్మకు.
"ఇరవై మూడు దినాలు పండుకోలేదా అది?"
అని కొంగుతో మానిటర్ తుడిచి
మిషన్ కాడికి పోయింది.

తుడిచిన చోట తెల్ల దుమ్ము మళ్ళీ వాలతాంది.
మూలలో చిన్న డబ్బా లేసింది:
"కొత్త వెర్షన్ వచ్చింది."

తర్వాత.