రెండో తాకుడు

వేలం జరిగిన రాత్రి
నేను చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీలో ఉండాను.
బెల్టు మీద తోతాపురి కాయలు దొర్లిపోతా ఉంటాయి.
మాగినవి ఒకపక్క, దోరవి ఒకపక్క
వేళ్ళతోనే తేల్చాల, కండ్లతో పనిలేదు.
సూపర్‌వైజర్ గుణశీలన్ ఫోన్లు పెట్టెలో పెట్టించి తాళమేస్తాడు,
అందుకని నా పేరు పిలిచినారో లేదో
తెల్లారి గేటు బయట తెలిసింది.
పిలిచినారంట.
ఎవరూ చెయ్యెత్తలేదంట.
ఇంకోసారి పిలిచి, పక్కన పెట్టేసినారంట.

ఇంతియాజ్‌ని ఆరు లక్షలకి పాడుకున్నారు.
వాడు నాకంటే జానెడు పొడుగు.
కాలేజీలో మూడేండ్లు వాడు కొట్టిన ప్రతి బంతీ
ముందు నా పది వేళ్ళ మీద నిలిచి పోయిందే.
నిలవడమంటే నిలవడం కాదు, నిలిస్తే ఈల ఊదుతారు.
నిప్పు కణికని పక్క పొయ్యిలోకి మార్చినట్లు, అంతే.
ఫోటోల్లో వాడు గాలిలో ఉంటాడు.
కింద అంచులో ఒక మోచెయ్యి ఉంటాది.
అది నాది.

కోపం లేదంటే అబద్ధం.
రెండు దినాలు వాడి ఫోన్ ఎత్తలేదు.
మూడో దినం వాడే వచ్చి, గాంధీ బొమ్మ కాడ టీ తాపించి
"తిరప్తిలో ఓపెన్ ట్రయల్ అబ్బా, సెట్టర్లు తక్కువుండారు" అన్నాడు.
నాకు లెక్క చెల్లేస్తున్నట్లు అన్నాడు.
గోళ్ళు కత్తిరించుకున్నా.
మామిడి సొనకి వేళ్ళ సందులు పొక్కినాయి.
కొబ్బరినూనె పూస్తే బంతి జారతాది, పూయకపోతే మండతాది.
మండనీ.

బస్సులో పక్క సీటు పెద్దాయన అడిగినాడు:
"ఏం మొక్కు నాయినా, తలనీలాలా?"
"కాదు తాతా, వాలీబాల్."
ఆయన కాసేపు ఆలోచించి, సరే అన్నట్లు తలూపినాడు.

చార్టు ముక్క మీద డెబ్భై రెండు అని రాసి
నాలుగు పిన్నీసులిచ్చినారు. ఒకటి వంకర.
ఎత్తు కొలిచినాయన "ఐదూ తొమ్మిది" అని
నా మొహం చూడకుండానే రాసుకున్నాడు.

ముక్కూ మొహం తెలీని ముగ్గురు హిట్టర్లు.
ఒకడిది హర్యానా, ఒకడిది కేరళ, ఒకడు నోరే తెరవలేదు.
అందరూ వేలంలో మిగిలిపోయినోళ్ళే.
అందరికీ బంతి కావాల, ఇప్పుడే కావాల.
మాటలు కలవవు గదా, కాళ్ళు చూసినా.
హర్యానావాడు ఎగిరే ముందు ఎడమ మడమ నొక్కుతాడు.
కేరళవాడు ఊపిరి బిగబడతాడు.
నోరు తెరవనోడు ఆలస్యంగా లేస్తాడు, ఆలస్యంగానే దిగతాడు,
వాడొచ్చేదాకా బంతిని పైన కాచి పెట్టాల.
దోర, మాగినది, దోర, దోర.
వేళ్ళతోనే తేల్చినా.

కోచ్ ఏదో రాస్తానే ఉండాడు.
వాళ్ళు కొట్టినదా, నేను లేపినదా?
కాగితం అటు తిప్పుకున్నాడు.

పొద్దుగూకినాక గోడకి లిస్టు అంటించినారు.
నోరు తెరవనోడి పేరుంది. ఒరియా పేరు.
వాడొచ్చి నా చేతులు పట్టుకుని
అరచేతులు తిప్పి చూసి,
పొక్కుల మీద బొటనవేలు పెట్టి ఏదో అన్నాడు.
నాకు అర్థం కాలేదు. నేనూ ఏదో అన్నా.

నా పేరు లేదు.
అచ్చేసిన పేర్ల కిందెక్కడో, నీలం పెన్నుతో:
"72 - గురువారం దాకా ప్రాక్టీసుకి ఉండమనండి."
జీతం లేదు, భోజనం ఉంది.

గుణశీలన్‌కి ఫోన్ చేస్తే
"సీజన్ నడిమిట్లో ఎట్లప్పా?" అని గొణిగి
"గురువారం అయినాక?" అన్నాడు.
"అది గురువారం అడగండి సార్."

డార్మిటరీ కిటికీలో కొండ దారి దీపాలు.
ఫ్యాను ఆపేసి, మంచం మీద పడుకునే
బంతిని పైకప్పు దాకా లేపతా ఉండా, తాకకుండా.
నంబరు కాగితం ఇంకా విప్పలేదు.
పక్క మంచమాయన కసిరినాడు:
"రేయ్ డెబ్భై రెండూ, చెమట్లు పడతా ఉండాయి, ఫ్యానెయ్యిరా."
"ఇంకొక్కటి" అన్నా.